బోన్ మారో శాంపిల్: స్లైడ్లు నీలంగా రావడం, ట్రెఫైన్ పాడవడం, కల్చర్ పెరగకపోవడం

మీరు చెప్పిన ఇబ్బందులు మూడు. మారో (ఎముక మజ్జ) స్మియర్లు, అంటే స్లైడు మీద పలచగా పరిచిన పొరలు, నీలంగా, మసకగా వస్తున్నాయి. ట్రెఫైన్, అంటే సూదితో తీసిన ఎముక ముక్క, సెక్షన్‌గా (పలచటి పొరగా) కోస్తుంటే చిరిగిపోతోంది, ఒక కేసులో అయితే అంతా గులాబీ రంగే తప్ప కేంద్రకాలు కనపడలేదు. హైదరాబాద్ పంపిన క్రోమోజోమ్ పరీక్షకి ‘కణాలు పెరగలేదు’ అని రిపోర్టు వచ్చింది. పాథాలజిస్టు మేడమ్ మిమ్మల్ని కోప్పడ్డారు, డాక్టరుగారేమో శాంపిల్ బాగానే తీశానంటున్నారు. గుంటూరులో లాబ్ టెక్నీషియన్‌గా చేరి ఏడాది కూడా కాని మీరు ఇద్దరి మధ్యా నలిగిపోతున్నారు.

నేను విజయవాడలో హెమటాలజీ, హిస్టోపాథాలజీ రెండు బల్లల దగ్గరా పనిచేసినదాన్ని. రెండూ చూసినవాళ్లకి ఒకటి అర్థమవుతుంది. మారోలో ఒక పరీక్షకి కావలసింది ఇంకో పరీక్షని పాడుచేస్తుంది. ట్రెఫైన్‌కి ఫార్మలిన్ (కణజాలం చెడిపోకుండా నిలిపే ద్రవం) ఉండి తీరాలి, స్మియర్ దగ్గరకి అది రాకూడదు. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ స్మియర్‌కీ పీసీఆర్‌కీ (జన్యు పరీక్ష) సరిపోతుంది, కణాల కల్చర్‌కి పనికిరాదు. కల్చర్‌కి గడ్డకట్టనివ్వని ఇంకో మందు హెపారిన్ కావాలి, అదే హెపారిన్ పీసీఆర్‌ని ఆపేస్తుంది. ఆమ్లం ఎముకని మెత్తబరుస్తుంది, డీఎన్‌ఏని ముక్కలు చేస్తుంది. అందుకని ఏది ముందు, ఏది వెనక, ఏది ఎందులో అన్నది సూది లోపలికి వెళ్లకముందే తేలాలి. మీ మూడు సమస్యలూ అది తేలకపోవడం వల్ల వచ్చినవే అనుకుంటున్నాను.

నీలం సంగతి ముందు చూద్దాం, దాన్ని రేపే సరిదిద్దుకోవచ్చు. ఒకే స్టీలు ట్రేలో స్లైడ్లు, సూదులు, మూత తీసి ఉంచిన ఫార్మలిన్ సీసా పెడుతున్నామని మీరే రాశారు. జవాబు చాలావరకు అక్కడే ఉంది. ఫార్మలిన్ చుక్క స్లైడు మీద పడక్కర్లేదు, ఆవిరి తగిలితే చాలు. ఫిక్స్ చేయని (మిథనాల్‌తో కణాల్ని నిలపని) స్మియర్‌కి ఆ ఆవిరి తగిలితే లీష్మన్ స్టెయిన్ వేసినా, గీమ్సా స్టెయిన్ వేసినా రంగు సరిగ్గా పట్టదు. ఎర్రకణాలు బూడిద నీలంగానో పచ్చగానో తిరుగుతాయి, కేంద్రకంలో క్రోమాటిన్ వివరం పోతుంది, గ్రాన్యూల్స్ కనపడవు. బ్లాస్ట్ (ముదరని) కణమా, లింఫోసైటా అని తేల్చాల్సిన చోట అది ఎంత నష్టమో మీ మేడమ్‌ని అడగండి. ఎన్నిసార్లు మళ్లీ స్టెయిన్ చేసినా ఆ స్లైడు బాగుపడదు.

కాబట్టి ఫార్మలిన్ సీసా ఆ గదిలో ఉన్నా మూతతోనే ఉండాలి, ఇంకో బల్ల మీద ఉండాలి. స్మియర్లన్నీ ఆరి, డబ్బాలోకి వెళ్లాకే మూత తీయాలి. ఫార్మలిన్ ముట్టుకున్న గ్లవ్స్‌తో మళ్లీ స్లైడు పట్టుకోకూడదు. పార్సిల్ కట్టేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. ఒకే థర్మాకోల్ డబ్బాలో స్లైడ్లూ ఫార్మలిన్ సీసా కలిపి పెడితే, మూత కాస్త వదులైనా, ఊళ్లో చక్కగా చేసిన స్మియర్లు దారిలో చెడిపోతాయి. సీసాకి వేరే డబ్బా, స్లైడ్లకి వేరే డబ్బా పెట్టండి. కొరియర్ కుర్రాడు ఒకటే చాలదా అని గొణుగుతాడు, గొణగనివ్వండి.

నీలానికి ఫార్మలిన్ ఒక్కటే కారణం కాదు. బఫర్ పీహెచ్ 6.8 దగ్గర ఉండాలి. అది పైకి పోతే అంతా నీలం, కిందికి పోతే అంతా ఎరుపు. మీ దగ్గర బఫర్ అయిపోయినప్పుడు కుళాయి నీళ్లో బోరు నీళ్లో వాడుతున్నారేమో చూడండి. మన కృష్ణా, గుంటూరు వైపు బోర్లు చాలాచోట్ల ఉప్పగా, క్షారంగా ఉంటాయి. బట్టల సబ్బు నురగ రాని నీళ్లతో లీష్మన్ ఏం బాగుంటుంది? చివర కడగడానికి కూడా బఫర్ నీళ్లే వాడండి. ఫిక్స్ చేయకుండా రోజుల తరబడి ఉంచిన స్మియర్ కూడా నీలంగా వస్తుంది, ఎండిన ప్లాస్మా ప్రోటీన్ రంగు పట్టేస్తుంది. మైలోమా (ప్లాస్మా కణాల క్యాన్సర్) కేసుల్లో గ్లోబులిన్ ఎక్కువ కావడంతో వెనకంతా నీలపు పొర కనపడుతుంది. అది మీ తప్పు కాదు, అదొక ఆధారం. తుడిచేద్దామని చూడకండి, మేడమ్‌కి చెప్పండి.

ఏది కారణమో ఎలా పట్టుకోవాలి? అదే రోగి వేలి రక్తంతో ఇంకో గదిలో స్మియర్ చేసి, మారో స్లైడ్లతో కలిపి ఒకే జాడీలో స్టెయిన్ చేయండి. రెండూ నీలమైతే మీ స్టెయినో బఫరో నీళ్లో చూసుకోవాలి. రక్తం బాగుండి మారో ఒక్కటే నీలమైతే ట్రేని అనుమానించండి. ఎలాగూ పెరిఫెరల్ స్మియర్ లేకుండా మారో రిపోర్టు రాయకూడదు గనక ఇది అదనపు పనేమీ కాదు.

మనవైపు ఇంకో చిక్కు వానాకాలం తేమ. జులై, ఆగస్టుల్లో కృష్ణ ఒడ్డున గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. స్మియర్ నెమ్మదిగా ఆరితే కణాలు ముడుచుకుపోతాయి, కేంద్రకాలు గట్టిపడినట్టు కనపడతాయి. ఫ్యాన్ కింద చకచకా ఆరబెట్టండి, లేదా హెయిర్ డ్రయర్ చల్లగాలితో. స్పిరిట్ దీపం మీద వేడి చేయడం వద్దు. ఫిక్స్ చేసే మిథనాల్‌కి కూడా తేమే శత్రువు. అది గాలిలో నీటిని పీల్చుకుంటుంది. కొద్ది శాతం నీరు కలిసినా ఎర్రకణాల్లో మెరిసే చుక్కలు, అంచుల్లో తినేసినట్టు గుంటలు వస్తాయి. జాడీలో పొద్దున పోసింది సాయంత్రానికి పారబోసి కొత్తది పోసుకోండి. మిథనాల్ ఖర్చని ఆ జాడీనే వారమంతా నడిపే లాబ్‌లు నాకు తెలుసు. రెండో మారో చేయించుకునే రోగి ఖర్చుతో పోలిస్తే ఆ మిథనాల్ ఎంతని?

ఇక మంచం దగ్గర పని. ఇక్కడ మొహమాటం పనికిరాదు. మొదటిసారి లాగేది పావు నుంచి అర మిల్లీలీటరు మించకూడదు. స్మియర్లకి అంతే చాలు. అంతకు మించి లాగితే మారోతోపాటు సైనుసాయిడ్ల (మారోలోని చిన్న రక్తనాళాల) రక్తం వచ్చి కలుస్తుంది, లెక్క తప్పుతుంది. లుకేమియాలో బ్లాస్టుల శాతం కూడా నిజం కన్నా తక్కువ కనిపించవచ్చు. ఒకే లాగుడుకి 5 మిల్లీలీటర్లు తీసి ‘దీన్నే అన్నిటికీ పంచు’ అనే డాక్టర్లుంటారు. ‘సార్, మొదట అర మిల్లీ స్మియర్లకి ఇవ్వండి, తర్వాత ఇంకో సిరింజితో ట్యూబులకి’ అని ముందే అడగండి. మీరు చిన్నవాళ్లని జంకకండి, శాంపిల్ మీ చేతిలోకి వస్తోంది కనక అడగాల్సింది మీరే. సిరింజి లాగే క్షణంలో వచ్చే నొప్పికి మత్తు ఇంజక్షన్ పనిచేయదు, అందుకని ఒక్క లాగుడూ వృథా కాకూడదు.

వచ్చిన చుక్కని వాచ్ గ్లాసులోనో, కాస్త వంచి పట్టుకున్న స్లైడు మీదో వేయండి. రక్తం జారిపోతుంది, మారో కణికలు, అంటే మనం పార్టికిల్స్ అనేవి, బొంబాయి రవ్వ పలుకుల్లా మిగులుతాయి. కొవ్వు చుక్కలు పక్కన మెరుస్తుంటాయి. ఆ పలుకుల్ని పైపెట్ కొనతో ఎత్తి వేరే స్లైడు మీద పెట్టి, స్లైడు కన్నా సన్నని స్ప్రెడర్‌తో లాగాలి. పార్టికిల్ వెనక కణాల తోక పరుచుకోవాలి. రెండు స్లైడ్ల మధ్య పార్టికిల్‌ని మెల్లగా నొక్కి, ఆపైన బలం పెట్టకుండా జరిపి చేసే స్క్వాష్ స్మియర్లు ఒకటి రెండు తప్పక చేయండి. సెల్యులారిటీ (కణాల దట్టం), మెగాకారియోసైట్లు (ప్లేట్‌లెట్లు తయారుచేసే పెద్ద కణాలు), ఐరన్ చూడటానికి అవి బాగుంటాయి. కణాలు చితికిపోయేలా గట్టిగా నొక్కితే మాత్రం ఏమీ చదవలేరు.

పలుకులు కనపడకపోతే అక్కడే గట్టిగా చెప్పండి, ‘సార్, పార్టికిల్స్ రాలేదు’ అని. డాక్టరుగారు సూది కోణం మార్చి మళ్లీ ప్రయత్నించగలరు. లాబ్‌కి వెళ్లాక చెబితే ఉపయోగం లేదు. ఆ ఒక్క మాట చెప్పే టెక్నీషియన్ ఉన్న చోట మారోలు బాగుంటాయి, ఇది నా అనుభవం.

స్మియర్లు కనీసం 6, వీలైతే 8 నుంచి 10 చేయండి. అన్నీ స్టెయిన్ చేయకండి. ఐరన్‌కి పెర్ల్స్ స్టెయిన్, లుకేమియా రకం తేల్చడానికి మైలోపెరాక్సిడేస్, అవసరమైతే ఇంకోటి అని కొన్ని మిగలాలి. ఐరన్ లేదని చెప్పాలంటే కనీసం 7 పార్టికిల్స్ వెతికి ఉండాలి అన్నది నిపుణులు చెప్పే లెక్క. ఒకే స్లైడు మీద రెండు పలుకులతో ‘ఐరన్ లేదు’ అని రాయడం ఎంత తొందరపాటో చూడండి. మారో స్టెయిన్ రక్తం స్మియర్ కన్నా ఎక్కువ సేపు ఉండాలి, కణాలు దట్టంగా ఉంటాయి కనక. రక్తానికి మీరు బఫర్ కలిపాక 7 నిమిషాలు ఉంచితే, మారోకి ఆ సమయాన్ని పెంచి, ఒక స్లైడుతో మొదట సరిచూసుకోండి.

పేరు రాయడం: స్లైడు గరుకు అంచు మీద పెన్సిల్‌తో. పెన్ను, మార్కర్ మిథనాల్‌లో పోతాయి. పేరొక్కటే చాలదు. మన వార్డుల్లో ఒకేరోజు ఇద్దరు వెంకటేశ్వర్లు, ముగ్గురు నాగమణులు ఉండటం వింత కాదు. ఐపీ నంబరు కూడా ఉండాలి. సీసా మూత మీద కాదు, సీసా ఒంటి మీద లేబుల్ అంటించాలి, మూతలు మారిపోతాయి.

ట్యూబుల దగ్గరికి వద్దాం, మీ మూడో సమస్య ఇక్కడిదే. ఊదా మూత, ఈడీటీఏ: ఫ్లో సైటోమెట్రీకి (కణాల రకాలు గుర్తించే పరీక్ష), పీసీఆర్‌కి. 2 మిల్లీలీటర్ల ట్యూబులో పావు మిల్లీ వేస్తే ఈడీటీఏ ఎక్కువై కణాలు ముడుచుకుంటాయి. తక్కువ వస్తుందనుకుంటే పిల్లలకి వాడే అర మిల్లీ ట్యూబు పెట్టుకోండి. ఈడీటీఏ నుంచి కూడా స్మియర్లు చేయొచ్చు, కానీ రెండు గంటల్లోపే. ఆ తర్వాత కణాలు మారిపోతాయి. మంచం దగ్గర చేసిన వాటితో అవి సాటి రావు.

పచ్చ మూత, హెపారిన్: క్రోమోజోమ్ కల్చర్‌కి. ఇక్కడ మీరు పొరపడే చోటొకటి ఉంది. బయోకెమిస్ట్రీకి వాడే పచ్చ మూత ట్యూబుల్లో చాలావాటిలో లిథియం హెపారిన్ ఉంటుంది. కల్చర్‌కి సోడియం హెపారిన్ కావాలి, లిథియం కణాల పెరుగుదలకి హాని చేస్తుంది. మూత రంగు చూసి తీసుకోవద్దు, లేబుల్ చదవండి. మీ స్టోర్‌లో లిథియం మాత్రమే ఉందని నేను పందెం వేయగలను. రెండోది వేడి. మే నెలలో విజయవాడలో ఎండ 40 దాటాక, కొరియర్ బైకు డబ్బాలో రెండు గంటలంటే కణాలు బతకవు. అలాగని ఐసు ప్యాకుకి ట్యూబు తగిలించి పంపితే గడ్డకట్టి చస్తాయి. గది వేడికి దగ్గరగా ఉంచాలి. ఎండాకాలమైతే చల్లని జెల్ ప్యాకు పెట్టి, దానికీ ట్యూబుకీ మధ్య మందపాటి కాగితమో స్పాంజో ఉంచండి. మూడోది ఆలస్యం. కల్చర్ శాంపిల్ 24 గంటల్లో లాబ్‌కి చేరాలి. విజయవాడ నుంచి హైదరాబాద్ 275 కిలోమీటర్ల దాకా ఉంటుంది. సాయంత్రం ఎక్కిస్తే పొద్దునకి చేరుతుంది, కానీ శనివారం మధ్యాహ్నం తీసింది ఆదివారం ఎవరూ అందుకోరు. అవతల ఎప్పుడు అందుకుంటారో ముందు ఫోన్ చేసి కనుక్కున్నాకే డాక్టరుగారికి రోజు చెప్పండి. సోమవారం నుంచి గురువారం దాకా అయితే నిశ్చింత.

గడ్డకట్టిన శాంపిల్‌ని ఎవరో పారేస్తుంటే ఆపండి. మారో క్షణాల్లో గడ్డ కడుతుంది, అది మామూలే. ఆ గడ్డని ఫార్మలిన్‌లో వేసి మైనపు బ్లాక్ చేస్తే క్లాట్ సెక్షన్ అవుతుంది. ఎముక ముక్క కాదు గనక ఆమ్లం పెట్టక్కర్లేదు. ఐరన్ స్టెయినూ, కణాల గుర్తుల్ని పట్టే ఇమ్యునో స్టెయినూ, అవసరమైతే డీఎన్‌ఏ పరీక్షా దాని మీద ట్రెఫైన్ కన్నా నమ్మకంగా చేయొచ్చు. ట్రెఫైన్‌లో ఐరన్ చూడాలని ఆశపడకండి, డీకాల్ చేసే (ఎముకలోంచి కాల్షియం తీసే) ఆమ్లం ఐరన్‌నీ కరిగించేస్తుంది.

జ్వరం తగ్గక కారణం తెలియక మారో తీస్తుంటే, టీబీ కల్చర్‌కి కొంచెం స్టెరైల్ సీసాలో పోయించుకోండి, అందులో ఫార్మలిన్ ఉండకూడదు. ఇది అందరూ మర్చిపోయే ట్యూబు.

లాగితే ఏమీ రాకపోతే డ్రై ట్యాప్ అంటాం. సూది సరిగ్గా కూర్చోకపోవడం ఒక కారణం. కానీ నిజమైన కారణాలు ఎక్కువగా రోగంలోనే ఉంటాయి: ఫైబ్రోసిస్ (మారో నారగా మారడం), మారో కిక్కిరిసిన లుకేమియా, హెయిరీ సెల్ లుకేమియా, ఎముకలోకి పాకిన క్యాన్సర్. కాబట్టి డ్రై ట్యాప్ అంటే విఫలమైన పరీక్ష అని కాక, ట్రెఫైన్ మీద బరువు పెరిగిందని అర్థం చేసుకోవాలి. అప్పుడు రెండు పనులు చేయండి. ట్రెఫైన్ ముక్కని ఫార్మలిన్‌లో వేయకముందే టచ్ ఇంప్రింట్లు తీయండి. డాక్టరుగారు ఒప్పుకుంటే రెండో ముక్క తీయించి, అది ఫార్మలిన్‌లో కాకుండా స్టెరైల్ సెలైన్‌లోనో, లాబ్ ఇచ్చే కల్చర్ మీడియంలోనో వెంటనే పంపండి. దాంట్లోంచి కణాలు వదిలించి ఫ్లో, క్రోమోజోమ్ రెండూ చేయగలరు.

టచ్ ఇంప్రింట్ డ్రై ట్యాప్‌కే కాదు, ప్రతి కేసుకీ చేయండి. ముక్కని స్లైడు మీద పెట్టి, ఇంకో స్లైడు అంచుతో మెల్లగా దొర్లించడమే. రుద్దకూడదు, నొక్కకూడదు. రక్తం ఎక్కువగా ఉంటే మొదటి స్లైడుకి అది అంటుకుంటుంది, రెండోది శుభ్రంగా వస్తుంది. పళ్ల ఫోర్సెప్స్‌తో ముక్కని పట్టుకోకండి, చితికిన చోట చదవలేం. సూది చిన్న కొన వైపు నుంచి ప్రోబ్‌తో నెట్టి, హబ్ (పిడి) వైపు నుంచి బయటికి తీయాలి. ట్రెఫైన్ తీసే జంషీడీ సూది కొన సన్నగా ఉంటుంది, హబ్ వైపు నుంచి నెట్టి కొనలోంచి బయటికి తీయాలని చూస్తే ముక్క విరుగుతుంది.

ముక్క ఎంత ఉండాలి? అంతర్జాతీయ హెమటాలజీ ప్రమాణాల సంస్థ 2008 మార్గదర్శకాలు కనీసం 2 సెం.మీ. అంటాయి, 1.5 సెం.మీ. దాకా సర్దుకునేవాళ్లూ ఉన్నారు. ప్రాసెసింగ్‌లో అది దాదాపు పావు వంతు కుంచించుకుపోతుంది. తెల్లగా మెరిసేది కార్టెక్స్ ఎముక, నీలం ఛాయతో నున్నగా ఉండేది కార్టిలేజ్, ఎర్రగా గరుకుగా ఉన్నదే మనకి కావలసింది. పొడవైన ముక్కే కానీ అంతా తెల్లగా ఉంటే అక్కడే చెప్పండి. ఆస్పిరేట్ తీసిన రంధ్రంలోనే ట్రెఫైన్ దించితే మధ్యలో రక్తం తప్ప ఏమీ ఉండదు, అదే చర్మపు గాటు నుంచి కొంచెం పక్కకి దించమని అడగండి.

ముక్కని దూదిలోనో పొడి గాజుగుడ్డలోనో చుట్టి పెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఆరిపోతే అంచులన్నీ పోతాయి. ఇంజక్షన్ సీసాల్లో వేసి పంపడం కూడా ఆపండి, సన్నని మూతిలోంచి తీసేటప్పుడు విరుగుతుంది. వెడల్పు మూతి సీసా, 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్, ముక్కకి 10 నుంచి 20 రెట్లు. కొన్నచోట ‘ఫార్మలిన్’ అని ఇచ్చినదాంట్లో ఫాస్ఫేట్ కలిపి ఉండకపోవచ్చు. ఒక లీటరుకి 100 మిల్లీలీటర్ల గాఢ ఫార్మలిన్, 900 మిల్లీలీటర్ల నీళ్లు, 4 గ్రాముల సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, 6.5 గ్రాముల అన్‌హైడ్రస్ డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్. బఫర్ లేకపోతే అది ఆమ్లమై, గోధుమ నలుపు ఫార్మలిన్ పిగ్మెంట్ చుక్కలు వస్తాయి. వాటిని చూసి ఐరన్ అనుకున్నవాళ్లున్నారు, మలేరియా అనుకున్నవాళ్లున్నారు.

ఇప్పుడు డీకాల్. మీ సెక్షన్ చిరగడానికీ, గులాబీ కావడానికీ కారణం ఇక్కడే, కానీ రెండూ వ్యతిరేక తప్పులు. చిరిగిందంటే కాల్షియం ఇంకా ఉంది, బ్లేడు ఎముకకి తగిలి గీతలు పడ్డాయి. గులాబీ అయిందంటే ఆమ్లం ఎక్కువైంది, కేంద్రకాలు హెమటాక్సిలిన్‌ని పట్టుకోలేకపోయాయి. మీరు ముక్కని వచ్చిన గంటలోనే నైట్రిక్ ఆమ్లంలో వేసి, ‘సాయంత్రానికి బ్లాక్ కావాలి’ అన్న ఒత్తిడితో వదిలేస్తున్నామన్నారు. ఫిక్స్ కాని కణజాలానికి ఆమ్లం తగిలితే అది కుళ్లినట్టు అయిపోతుంది. ఫార్మలిన్‌లో కనీసం 6 గంటలు, నా మాటైతే ఒక రాత్రంతా ఉంచి, కడిగాకే డీకాల్‌కి వెళ్లాలి.

ఏ ద్రవం వాడాలో చెప్పమంటే నేను ఈడీటీఏ వైపే ఉంటాను. 10 నుంచి 14 శాతం, పీహెచ్ 7 నుంచి 7.4, ఒకటి రెండు రోజులు, మధ్యలో ద్రవం మారుస్తూ, మెల్లగా కదిలిస్తూ. ఇది కాల్షియాన్ని పట్టుకుని లాగుతుంది తప్ప కణాన్ని కొట్టదు. ఇమ్యునో స్టెయిన్లూ డీఎన్‌ఏ పరీక్షా నిలబడతాయి. ఆలస్యం ఒక్కటే లోటు. ఫార్మిక్ ఆమ్లం మధ్యే మార్గం, కొన్ని గంటల్లో అవుతుంది. నైట్రిక్, హైడ్రోక్లోరిక్ వేగంగా పనిచేస్తాయి, అంతే వేగంగా పాడుచేస్తాయి. లింఫోమా, మైలోఫైబ్రోసిస్ అనుమానంతో వచ్చిన ట్రెఫైన్‌ని నైట్రిక్‌లో వేసి తర్వాత సీడీ34 ఇమ్యునో స్టెయిన్ ఎందుకు పట్టలేదని వాదించుకోవడం కన్నా, రిపోర్టు ఒకరోజు ఆలస్యమవుతుందని రోగి బంధువులకి ముందే చెప్పడం మేలు.

గంటల లెక్క నమ్ముకోవద్దు, ముక్క మందం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. సూదితో గుచ్చి చూడటం చెడ్డ అలవాటు, రంధ్రాలు మిగులుతాయి. మెల్లగా వంచి చూడండి. ఆమ్లం వాడుతుంటే అమోనియం ఆక్సలేట్ పరీక్ష చేయండి: వాడిన ద్రవం 5 మిల్లీలీటర్లు తీసి అమోనియాతో తటస్థం చేసి, అంతే ఆక్సలేట్ ద్రావణం కలపండి. మబ్బుగా మారితే ఇంకా కాల్షియం వస్తోందన్నమాట. మబ్బు రాకపోతే అయిపోయింది, వెంటనే తీసి కడగండి.

ప్రాసెసింగ్, ఎంబెడింగ్ మామూలు బయాప్సీలాగే. సన్నని ముక్క క్యాసెట్ రంధ్రాల్లోంచి జారిపోకుండా లెన్స్ కాగితంలో చుట్టండి, కనపడటానికి ఇయోసిన్ చుక్క వేయండి. బ్లాక్‌లో పొడవంతా ఒకే మట్టంలో పడుకోవాలి. సెక్షన్లు 2 నుంచి 3 మైక్రాన్లు, వేర్వేరు లోతుల్లో. ట్రిమ్మింగ్‌లో సగం ముక్క పారేయకండి, లింఫోమా ఒక్క మూలనే ఉండొచ్చు. మధ్యలో వచ్చే రిబ్బన్లు కొన్ని కోటెడ్ స్లైడ్ల మీద స్టెయిన్ చేయకుండా దాచుకోండి. హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్, ఇయోసిన్) స్టెయిన్‌తో పాటు సన్నని నారపోగులు చూపే రెటిక్యులిన్ స్టెయిన్ తప్పనిసరి, అది లేకుండా ఫైబ్రోసిస్ గ్రేడ్ ఇవ్వలేరు.

రిక్వెస్ట్ ఫారం మీద ‘బోన్ మారో ప్లీజ్’ అని రెండు ముక్కలు రాసి పంపే డాక్టర్లకి మీరే ఫోన్ చేయండి. వయసు, అదే రోజు సీబీసీ, ఎన్నాళ్ల జ్వరం, గడ్డలున్నాయా, రక్తం ఎక్కించారా, కీమో అయిందా, తెల్లకణాలు పెరగడానికి ఇచ్చే జీసీఎస్‌ఎఫ్ ఇంజక్షన్ పడిందా. మారోకి ముందు బీ12, ఫోలిక్ ఇచ్చారా అని ప్రత్యేకంగా అడగండి. ఒక ఇంజక్షన్ పడితే ఒకటి రెండు రోజుల్లో మెగాలోబ్లాస్టిక్ మార్పులు (ఆ విటమిన్ల లోపంతో కణాలు పెద్దవవడం) మాయమవడం మొదలవుతుంది. మనవైపు రక్తహీనత కేసు రాగానే ముందు బీకాంప్లెక్స్ పొడిచేయడం మామూలే కదా.

స్మియర్‌లో ప్రోమైలోసైటిక్ లుకేమియా అనుమానం వస్తే, అంటే గ్రాన్యూల్స్ నిండిన కణాలు, కడ్డీల కట్టలు కనపడితే, ట్రెఫైన్ కోసం, పీసీఆర్ కోసం ఎవరూ ఆగకూడదు. ఆ రోగికి రక్తస్రావం ఏ క్షణమైనా రావచ్చు, మందు ఆ రోజే మొదలవ్వాలి. స్లైడు చేతిలో పట్టుకుని పాథాలజిస్టు గదికి నడిచి వెళ్లండి, వాట్సాప్‌లో ఫోటో పెట్టి ఊరుకోకండి.

మీ దగ్గర మిగిలిన రెండు బ్లాకుల సంగతి. చిరుగుతున్న బ్లాక్‌ని కాపాడొచ్చు: కోసిన ముఖాన్ని కిందికి పెట్టి, ఆమ్లంలో తడిపిన దూది మీద పావుగంట నుంచి అరగంట ఉంచండి, కడిగి, ఐసు మీద చల్లబరిచి మళ్లీ కోయండి. పైపైన కొన్ని మైక్రాన్లే మెత్తబడతాయి, కాబట్టి మొదటి రిబ్బనే మంచిది, సిద్ధంగా ఉండి పట్టుకోండి. గులాబీ అయిన బ్లాక్ మళ్లీ బాగుపడదు. కానీ ఆ కేసులో ఇంప్రింట్లు గానీ క్లాట్ గానీ దాచారేమో చూడండి. స్టెయిన్ చేయని స్మియర్లు ఒకటి రెండు మిగిలినా వాటితో మేడమ్ చాలావరకు చెప్పగలరు. అవీ లేకపోతే రోగిని మళ్లీ పిలవమని చెప్పాల్సింది మీరు కాదు, మేడమ్. మీరు చేయాల్సింది ఆ ముక్క ఫార్మలిన్‌లో ఎంతసేపు ఉంది, ఆమ్లంలో ఎంతసేపు ఉంది అన్న రెండు సమయాలు ఆమె చేతికి రాసివ్వడం.